సెక్షన్‌లో రోడ్లు, వంతెనల మరమ్మతులకు ఏడాది ప్లాన్ ఎలా వేసుకోవాలి

ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)లో కొత్తగా సెక్షన్ (ఒక ఇంజనీరు చూసుకునే రోడ్ల పరిధి) చార్జి తీసుకున్న ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) చేతికి మొదట పాత ఫైళ్లు వస్తాయి, ఆ వెంటే ఫోన్లు మొదలవుతాయి. ఫలానా చోట గుంత పడింది, ఫలానా కల్వర్టు కుంగింది, ఎల్లుండి ఎమ్మెల్యే గారు ఆ రోడ్డు మీదే వస్తున్నారు. ఫోన్ వచ్చిన చోటికల్లా పరిగెడితే ఏడాది తిరిగేసరికి డబ్బులు అయిపోతాయి, గుంతలు మాత్రం పోయినేడు ఉన్నచోటే ఉంటాయి. అందుకే ప్లాన్ కావాలి. నా లెక్కలో మరమ్మతుల ప్లాన్ అంటే ముందు నీళ్ల ప్లాన్, తర్వాతే తారు. కింద రాసిందంతా ఎక్కువగా గోదావరి డెల్టాని దృష్టిలో పెట్టుకుని రాసింది. మెట్టలోనో తెలంగాణలోనో ఉన్నవాళ్లు నెలలు కాస్త అటూ ఇటూ జరుపుకుంటే సరిపోతుంది.

1. మీ రోడ్లేవో, మీవి కానివేవో తేల్చుకోండి

ఒక్కో రోడ్డుకీ రిజిస్టర్‌లో ఒక పేజీ పెట్టండి. స్టేట్ హైవేనా, మేజర్ డిస్ట్రిక్ట్ రోడ్డా, అదర్ డిస్ట్రిక్ట్ రోడ్డా, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా మీది, తారు వెడల్పు ఎంత, చివరి రెన్యువల్ (పై తారు పొర మళ్లీ వేయడం) ఎప్పుడు జరిగింది, ఏ మందం వేశారు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటిదాకా ఉంది. ఈ చివరి గడి చాలా రిజిస్టర్లలో ఖాళీగా ఉంటుంది. పాత అగ్రిమెంట్లు తిరగేసి అయినా దాన్ని నింపండి. గడువులో ఉన్న రోడ్డు మీద గుంత పడితే అది కాంట్రాక్టర్ బాధ్యత. మీ మరమ్మతు డబ్బు దానికి పెడితే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఫొటోలు జతచేసి నోటీసు పంపండి, అవసరమైతే అతని డిపాజిట్ నుంచి పని చేయించండి.

సరిహద్దులు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కాలువగట్టు మీద రోడ్డు మీది, గట్టు మాత్రం జలవనరుల శాఖది. ఊళ్లో సైడు డ్రెయిన్ పంచాయతీది, పట్టణంలో అయితే మున్సిపాలిటీది. మీ రోడ్డు పాడవడానికి కారణం చాలాసార్లు మీది కాని చోట ఉంటుంది. అది ఎవరిదో తెలిస్తేనే ఎవరికి ఉత్తరం రాయాలో తెలుస్తుంది.

వంతెనలకు వేరే జాబితా రాయండి. 6 మీటర్ల దాకా కల్వర్టు, 6 నుంచి 60 మీటర్ల దాకా మైనర్ బ్రిడ్జి, ఆపైన మేజర్ బ్రిడ్జి. కల్వర్టు చిన్నదే కదా అని జాబితాలోంచి వదిలేయకండి. వరదలో రోడ్డు తెగేది ఎక్కువగా పూడిపోయిన కల్వర్టు దగ్గరే. పారాపెట్ (వంతెన పక్క పిట్టగోడ) మీద కిలోమీటరు, వరుస నంబరు చెరిగిపోయి ఉంటే మళ్లీ రాయించండి. అర్ధరాత్రి ఫోన్ చేసినవాడు "12లో మూడోది" అంటే మీకు ఏదో తెలియాలి.

2. వానలో తిరగండి

ఎండలో చూస్తే రోడ్డు మీద ఉన్న గుంత మాత్రమే కనిపిస్తుంది. అది ఎందుకు పడిందో వానలోనే తెలుస్తుంది. జూలై, ఆగస్టుల్లో గట్టిగా వాన పడుతున్నప్పుడు వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని బండి మీద ఎక్కించుకుని ఒక్కో రోడ్డూ చివరిదాకా వెళ్లిరండి. నీళ్లు నిలిచిన ప్రతిచోటా ఆగి ఫొటో తీయండి, కిలోమీటరు రాసుకోండి. స్థలం, సమయం ఫొటో మీదే పడే యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు.

డెల్టాలో మొదటి జబ్బు బెర్మ్ (తారు పక్కన ఉండే మట్టి అంచు) రోడ్డు కంటే ఎత్తుగా ఉండటం. ట్రాక్టర్ల మట్టి, పెరిగిన గడ్డి, ఎప్పుడో పోసి వదిలేసిన గ్రావెల్ అన్నీ కలిసి అంచున గట్టులా తయారవుతాయి. పడిన వాన పక్కకి జారకుండా తారు అంచు వెంటే నిలుస్తుంది, నెమ్మదిగా కిందికి దిగుతుంది. తారు రోడ్డుకి అడ్డవాలు 2 నుంచి 2.5 శాతం ఉండాలి, మట్టి బెర్మ్‌కి దానికంటే కనీసం అర శాతం ఎక్కువ ఉండాలి. 5.5 మీటర్ల రోడ్డు అయితే నడిమధ్య అంచు కంటే సుమారు 7 సెంటీమీటర్లు ఎత్తుండాలన్నమాట. దారం లాగి స్కేలు పెట్టి చూడండి, చాలాచోట్ల అందులో సగం కూడా మిగిలి ఉండదు. జేసీబీతో బెర్మ్ చెక్కించి వాలు తెప్పించడం మరమ్మతుల్లోకెల్లా చవకైన పని. విచిత్రం ఏమిటంటే, ఎస్టిమేట్ తగ్గించమన్నప్పుడు అందరూ మొదట కొట్టేసేది కూడా దాన్నే.

రెండోది ఊళ్ల లోపల. ఇళ్లు కట్టుకుంటూ అరుగులు లేపుతారు, గుమ్మం ముందు ర్యాంపు పోసి డ్రెయిన్ మూసేస్తారు. నాలుగు ఇళ్ల నీళ్లు రోడ్డెక్కుతాయి. అక్కడ ఎన్నిసార్లు తారు ప్యాచ్ వేసినా ఆరు నెలల మాటే. డ్రెయిన్ తెరిపించగలిగితే సరే, లేదంటే ఆ వంద రెండొందల మీటర్లూ సిమెంటు రోడ్డు వేయాలని ప్లాన్‌లో రాయండి.

మూడోది రొయ్యల, చేపల చెరువులు. చెరువు నీటిమట్టం రోడ్డు పునాది కంటే పైనుంటే ఎండాకాలంలో కూడా గట్టు చెమ్మగానే ఉంటుంది. లోడింగ్ జరిగే చోట ఐసు నీళ్లు కారి తారు వదిలేసి కంకర తేలుతుంది. ఈ చోట్లు వేరే రంగుతో గుర్తు పెట్టుకోండి. ఇక్కడ పై పూత పనికిరాదు, చెరువుకీ రోడ్డుకీ మధ్య బోదె తవ్వించాలి. చెరువు యజమానితో మాట్లాడాలి, అవసరమైతే మత్స్యశాఖని, తహసీల్దార్ గారిని కలుపుకోవాలి.

3. పగులు చూసి జబ్బు పట్టడం

వానలు తగ్గాక అవే రోడ్ల మీద ఈసారి నడుస్తూ చూడండి. అన్నీ నడవలేరు కాబట్టి పాడైన భాగాలైనా చాలు.

సన్న పగుళ్లు, 3 మిల్లీమీటర్ల లోపువి, అక్కడక్కడా ఉంటే ఎమల్షన్‌తో (నీళ్లలో కలిపిన తారు) సీల్ చేస్తే ఆగుతాయి. చక్రం పోయే దారిలో మొసలి తోలులా గళ్లుగళ్లుగా పగిలితే కింద పొరలే బలహీనపడ్డాయని అర్థం. దాని మీద కొత్త తారు పరిస్తే ఆ గళ్లు కొన్నాళ్లకి మళ్లీ పైకి తేలతాయి. అక్కడ తవ్వి కింది నుంచి కట్టుకు రావాలి. నల్లరేగడిలో రోడ్డు అంచుకి సమాంతరంగా పొడుగ్గా వచ్చే చీలిక వేరే రకం. ఎండకి నేల ముడుచుకుని బెర్మ్ వైపు లాగితే అది వస్తుంది. అంచులు విరుగుతుంటే రోడ్డు వెడల్పు చాలడం లేదు, ఎదురుబండికి దారి ఇవ్వడానికి లారీలు దిగి ఎక్కుతున్నాయి. కంకర లేచిపోతుంటే తారు ఎండిపోయింది, దానికి పై పూత చాలు.

అనుమానం ఉన్నచోట ఒక గొయ్యి తవ్వించి చూడండి. తారు ఎంత, మెటల్ (కంకర) ఎంత, గ్రావెల్ ఎంత, కింద మట్టి ఏ రంగు, చెమ్మ ఉందా. టేపు పెట్టి ఫొటో తీస్తే ఆ ఒక్క ఫొటో ఎస్టిమేట్‌కి నాలుగు పేజీల వివరణ అంత పని చేస్తుంది.

దీంతో పాటు బండ్ల లెక్క కావాలి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) చెప్పే పద్ధతి వరుసగా 7 రోజులు, రాత్రింబవళ్లు. మనుషులు చాలక మూడు రోజులతో సరిపెట్టినా, ధాన్యం లారీలు తిరిగే రోజులు మాత్రం అందులో ఉండేలా చూసుకోండి. మోటారు సైకిళ్లు ఎన్ని వేలు పోయినా రోడ్డుకి ఏమీ కాదు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం సుమారు 16 రెట్లు ఉంటుంది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకి చట్టం ఒప్పుకునే బరువు 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెరిగింది. ఇసుక లారీలు, కంకర టిప్పర్లు ఆ హద్దులో ఆగుతాయా లేదా అన్నది మీకు తెలిసిందే. అలాంటి లారీలు తిరిగే రోడ్డుకి మామూలు 20 మిల్లీమీటర్ల కార్పెట్ (పలచటి తారు పొర) రాస్తే అది రెండో వాన చూడదు.

4. వంతెన కిందికి దిగండి

చాలామంది వంతెన తనిఖీ అంటే పైన జీపు ఆపి, రెయిలింగ్ పట్టుకుని కిందికి తొంగి చూసి వచ్చేస్తారు. పైన కనిపించేది వేరింగ్ కోట్ (బండ్లు నడిచే పై పొర), రంగు, రెయిలింగ్. కూలిపోయే వంతెనలు కూలేది వాటివల్ల కాదు. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, పెద్ద వరద వెళ్లాక మరోసారి కచ్చితంగా కిందికి దిగి చూడాలి. ఏం చూడాలో ఐఆర్‌సీ ఎస్‌పీ 35లో ఉంది, ఆ ఫారాలు జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోండి. నీరు లోతుగా ఉంటే పడవ కావాలి. పెద్ద వంతెనలకైతే బ్రిడ్జి ఇన్‌స్పెక్షన్ వాహనం తెప్పించమని పైకి రాయాలి.

మొదట నీళ్లలో ఉన్న భాగం. పియర్ (వంతెనని మోసే స్తంభం) చుట్టూ నేల ఎంత లోతుకి కోసుకుపోయిందో కొలవండి. తాడుకి బరువు కట్టి పియర్ ముందు, పక్కల, కొంచెం కింది వైపు వేసి చూడండి. డ్రాయింగ్‌లో ఉన్న బెడ్ లెవల్‌తో (నది అడుగు మట్టం) పోల్చండి. ఒక చిక్కు ఉంది. వరద ఉధృతిలో పడ్డ గొయ్యి, వరద తీసేటప్పుడు ఇసుకతో మళ్లీ నిండిపోతుంది. డిసెంబరులో చదునుగా కనిపించిందని ఊపిరి పీల్చుకోకండి. ఆప్రాన్ (నేల కోసుకుపోకుండా అడుగున పరిచిన) రాళ్లు చెదిరాయా, కటాఫ్ వాల్ (నేలలోకి దింపిన అడ్డుగోడ) బయటపడిందా, కింది వైపు మడుగు ఏర్పడిందా అనేవి అసలు గుర్తులు. వంతెన దగ్గర ఇసుక తవ్వకం జరుగుతుంటే అదే రోజు రిపోర్టు పెట్టండి, మర్నాటిదాకా ఆగొద్దు. 2021 నవంబరు వరదల్లో కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. రాయలసీమ ఏర్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప నీళ్లు చూపించవు, అందుకే అక్కడివాళ్లు పునాదులు చూడటం మరీ మర్చిపోతారు.

డెల్టాలో ఇంకో సమస్య గుర్రపుడెక్క, తూటికాడ. మురుగు కాలువల మీది వంతెనల దగ్గర అవి పియర్లకి అడ్డంపడి చాపలా అల్లుకుంటాయి. పైవైపు నీరు ఎత్తెక్కి పక్కనున్న అప్రోచ్‌ని (వంతెనకి చేరే రోడ్డు) కోసేస్తుంది. అందరూ వంతెన చిన్నదైపోయింది, కొత్తది కట్టాలి అంటారు. ముందు తూడు తీయించి చూడండి.

తర్వాత గర్డర్లు (వంతెన దూలాలు) కూర్చునే చోటు. బేరింగుల (గర్డర్ కింద పెట్టే దిమ్మెలు) చుట్టూ మట్టి, పావురాల రెట్ట, పాత ఇటుక ముక్కలు పేరుకుని ఉంటాయి. శుభ్రం చేయిస్తే తప్ప ఏమీ కనపడదు. రబ్బరు బేరింగ్ ఉబ్బిందా, చీలిందా, ఒక పక్కకి జరిగిందా చూడండి. ఇనుప రోలర్ అయితే తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. పెడస్టల్ (బేరింగ్ కింది దిమ్మె) కాంక్రీటు అంచులు నలిగాయా అన్నది టార్చి వేసి మరీ చూడండి. గుజరాత్‌లో వడోదర, ఆనంద్ జిల్లాల మధ్య మహీసాగర్ మీద 1985లో కట్టిన గంభీరా వంతెన 2025 జూలై 9న బండ్లతో సహా నదిలో పడింది. పెడస్టల్, ఆర్టిక్యులేషన్ జాయింటు (గర్డర్లు కలిసే కీలు) నలిగిపోవడమే కారణమని అక్కడి ప్రభుత్వం మొదటి విచారణ తర్వాత చెప్పింది. రోడ్డు మీద వెళ్లేవాడికి ఆ చోటు ఎప్పటికీ కనపడదు.

గర్డర్లు, స్లాబు అడుగు భాగం సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయినది డొల్లగా పలుకుతుంది. సముద్రం గాలి తగిలే మండలాల్లో కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. కడ్డీ వెంట సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తే అది మొదలైందని అర్థం. దానికి చాలావరకు కారణం పైనుంచి కారే నీళ్లు. డెక్ (వంతెన పై తలం) మీద నీరు పోయే గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి, లేదా మరీ పొట్టిగా ఉండి నీళ్లు గర్డర్ ఒంటి మీదుగా కారతాయి. గొట్టం గర్డర్ అడుగు దాటేలా పొడిగిస్తే చాలు. అతి తక్కువ ఖర్చుతో వంతెన ఆయుష్షు పెంచే పని ఇంతకంటే ఇంకోటి లేదు.

పాత రాతి ఆర్చీలు, వింగ్ వాల్స్ (వంతెన చివరల రెక్క గోడలు) సందుల్లో రావి, జువ్వి మొలుస్తాయి. కొమ్మ నరికితే ఇంకా గుబురుగా వస్తుంది. వేరు దాకా తీసి, సందు సిమెంటు మోర్టార్‌తో నింపాలి. రావిచెట్టు కొట్టడానికి కూలీలు ఒప్పుకోకపోవడం మామూలే. మొక్కగా ఉన్నప్పుడే తీయించేస్తే ఆ పంచాయితీ రాదు.

ఇక డెక్ మీద. రెన్యువల్ చేసే ప్రతిసారీ రోడ్డుతో పాటు వంతెన మీద కూడా తారు పరుచుకుంటూ పోతారు. 50 మిల్లీమీటర్ల పొర అంటే చదరపు మీటరుకి దాదాపు 118 కిలోలు. 7.5 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల స్పాన్ మీద అది దాదాపు 9 టన్నులు, అంటే ఒక లోడు బండిని వంతెన మీద శాశ్వతంగా ఆపి ఉంచినట్టే. పైగా ఎక్స్‌పాన్షన్ జాయింట్లు (ఎండకి సాగడానికి వదిలిన సందులు) పూడిపోతాయి. అందుకని ఎస్టిమేట్‌లో వంతెన పొడవుకి పాత వేరింగ్ కోట్ తీసేయడం వేరే ఐటమ్‌గా రాయండి, లేదంటే ఆ పొడవు మినహాయించండి.

ఏదైనా భయపెట్టేలా కనిపిస్తే ఎస్టిమేట్ సంగతి తర్వాత. ఆ రోజే డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారికి ఫోన్, సాయంత్రానికి ఫొటోలతో రాతపూర్వక రిపోర్టు. బరువు బండ్లు ఆపించే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ప్రభుత్వానికీ, అది అప్పగించినవాళ్లకీ ఉంది. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారి ద్వారా కలెక్టర్ గారి దాకా అది వెళ్లేలా చూడండి. ఒట్టి బోర్డు పెడితే ఎవరూ ఆగరు, ఎత్తు బండ్లు పట్టకుండా ఇనుప కమాను కట్టాలి.

5. ఉన్న డబ్బుకి ఏది ముందు

అడిగినంత రాదు, ఎప్పుడూ రాలేదు. కాబట్టి వరుస ముఖ్యం. నేను పెట్టుకునే వరుస ఇది.

అన్నిటికంటే ముందు ప్రాణం మీదికి వచ్చేవి: విరిగిన పారాపెట్లు, నడుం కుంగిన కల్వర్టులు, కాలువగట్టు మీద మలుపులో కొట్టుకుపోయిన రక్షణ రాళ్లు. వీటికి బండ్ల లెక్క అడగకూడదు. తర్వాత నీళ్లు: బెర్మ్‌లు, బోదెలు, కల్వర్టుల పూడిక. ఆ తర్వాత బాగున్న రోడ్ల మీద చిన్న గుంతలు, పగుళ్లు. దీనికి ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. "మా రోడ్డు పూర్తిగా పోయింది, మీరు బాగున్న రోడ్డు బాగుచేస్తున్నారు" అంటారు. కానీ బాగున్న రోడ్డుని పైపూతతో నిలబెట్టే డబ్బుకీ, అది పాడయ్యాక తిరగేసి వేసే డబ్బుకీ పోలికే లేదు. పూర్తిగా పోయిన రోడ్డు మరమ్మతు నిధుల్లో ఇమడదు. దాన్ని వేరే పనిగా, బలోపేతం కింద ప్రతిపాదించండి. అది మంజూరయ్యేదాకా గ్రావెల్‌తో తిరగగలిగేలా ఉంచండి.

రెన్యువల్ జాబితాలో రెండు రోడ్లు సరిసమానంగా ఉంటే, ప్రత్యామ్నాయం లేని దానికి ఓటేయండి. లంక గ్రామానికి ఉన్న ఒక్క దారి, ఆసుపత్రికి వెళ్లే దారి, ఆర్టీసీ బస్సు తిరిగే దారి. ఈ కారణాలన్నీ ఒక కాగితం మీద పట్టికగా రాసి ఉంచుకోండి. ప్రజాప్రతినిధులు తమ రోడ్డు గురించి అడగడం తప్పు కాదు, అది వాళ్ల పని. ఆ కాగితం చూపిస్తే సగం మంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లు పైనుంచి చెప్పిస్తారు, అప్పుడు వరుస మారినట్టు ఫైల్లో నమోదవుతుంది. ఏ రకంగా చూసినా మీకు మంచిదే.

6. ఎస్టిమేట్, టెండర్

రేట్లు ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక)లో ఉంటాయి, అక్కడ తప్పు జరగదు. తప్పు జరిగేది లీడ్‌లో, అంటే సామాను తెచ్చే దూరం లెక్కలో. డెల్టాలో రాయి దొరకదు, మెటలూ గ్రావెలూ మెట్ట క్వారీల నుంచి రావాలి. ఏ క్వారీ నడుస్తోంది, అక్కడినుంచి మీ పని దగ్గరికి లారీ నిజంగా పోయే దారి ఎంత అన్నది కనుక్కుని లీడ్ చార్ట్ వేయండి. మూతపడ్డ క్వారీ పేరుతో లీడ్ రాస్తే టెండర్‌కి ఎవరూ రారు.

గుంతల కొలత అక్టోబరులో తీసుకుంటారు, పని మార్చిలో జరుగుతుంది. ఈలోగా గుంత పెరుగుతుంది. కొలిచేటప్పుడు గుంత ఆకారం కాకుండా, చుట్టూ గట్టి తారు తగిలేదాకా చతురస్రంగా కోయాల్సిన వైశాల్యం కొలవండి. అప్పుడే లెక్క దగ్గరగా వస్తుంది. జంగిల్ క్లియరెన్స్, బెర్మ్, బోర్డులు, డైవర్షన్ వేరువేరు ఐటమ్‌లుగా రాయండి. గంపగుత్తగా రాస్తే పని కాకుండానే బిల్లవుతుంది.

చిన్నచిన్న పనులు పది చోట్ల విడివిడిగా పిలిస్తే మిక్స్ ప్లాంటు ఉన్న కాంట్రాక్టర్ పట్టించుకోడు. ఒకే వైపున్న రోడ్లు ఒక ప్యాకేజీగా కలపండి. కల్వర్టు, వంతెన పనులు మాత్రం తారు పనితో కలపకండి, ఆ మేస్త్రీలు వేరు, ఆ తీరు వేరు. పాత బిల్లులు నెలల తరబడి ఆగితే ఎంత బాగా ప్యాకేజీ చేసినా టెండర్ ఖాళీగా పోతుందన్నది వేరే సంగతి, అది ఏఈఈ చేతిలో లేదు. నవంబరుకి ఎస్టిమేట్లు పైకి వెళ్లి, జనవరికి అగ్రిమెంట్ అయితేనే ఎండలు మీకు దక్కుతాయి.

7. ఏ నెలలో ఏ పని

ముందు క్యాలెండర్‌లో కుదరని రోజులు కొట్టేయండి. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం, డిసెంబరులో కూడా రావొచ్చు. సంక్రాంతి ముందూ వెనకా హైదరాబాద్ బండ్లన్నీ ఇటే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉన్న కోనసీమలో ఆ వారం రోడ్డు తవ్వి పెడితే ఊళ్లు మిమ్మల్ని క్షమించవు. ములుగు వైపు వాళ్లకి మేడారం జాతర ఇలాంటిదే, రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది కాబట్టి ఆ ఏడాది పనులన్నీ నెల ముందుకు జరగాలి. 2027లో గోదావరి పుష్కరాలు. రేవులకి వెళ్లే రోడ్లు, వాటి మీది కల్వర్టులు ఇప్పటినుంచే జాబితాలో వేరుగా ఉండాలి.

నాట్ల రోజుల్లో దమ్ము చక్రాల ట్రాక్టర్లు తారు రోడ్డెక్కుతాయి. ఒక్క ట్రాక్టర్ ఒక్కసారి పోతే చాలు, కొత్త తారు మీద గాట్లు పడతాయి. రబీ నాట్లు అయ్యేదాకా ఆ ఆయకట్టులో రెన్యువల్ మొదలుపెట్టకండి. కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. వద్దంటే గొడవ, రోలర్ తెస్తే ఇంకా గొడవ. రెండు వారాలు ఆగితే అదే ఖాళీ అవుతుంది.

డెల్టావాళ్లకి దొరికే వరం కాలువలు కట్టేసే కాలం. రబీ అయ్యాక వేసవిలో కొన్ని వారాలు కాలువల్లో నీరుండదు. కాలువ వంతెనల పునాదులు, అబట్‌మెంట్లు (రెండు చివరల ఆనుడు గోడలు), ఆప్రాన్లు బాగుచేయడానికి ఏడాదికి ఉన్న సమయం అదొక్కటే. ఎప్పుడు కడతారో, ఎప్పుడు వదులుతారో జలవనరుల శాఖ డీఈఈ గారిని ముందే అడిగి, అగ్రిమెంట్‌లో ఆ తేదీలు రాయించండి. సామాను, సెంట్రింగు ముందే దింపించాలి. నీరు వదిలారంటే మీ పని ఎక్కడున్నా అక్కడే మునుగుతుంది.

తారు పనికి ఫిబ్రవరి నుంచి మే దాకా. తాగునీటి పైపులు, కేబుళ్లు వేసేవాళ్లని రెన్యువల్‌కి ముందే పిలిచి అడగండి. కొత్త రోడ్డు వేసిన నెలకే అడ్డంగా కోసిన గాడి చూస్తే వచ్చే కడుపుమంట చెప్పనలవి కాదు.

8. పని జరిగే రోజు

గుంత పూడ్చడం అందరికీ తెలిసిన పనే, సరిగా చేసేవాళ్లు మాత్రం తక్కువ. అంచులు నిలువుగా, చతురస్రంగా కోయాలి. లోపలి వదులు కంకర, దుమ్ము, తడి అన్నీ తీసి బ్రష్‌తో ఊడ్వాలి. అడుగూ నాలుగు గోడలూ టాక్ కోట్‌తో (అతుక్కోవడానికి పూసే పల్చటి తారు) తడవాలి, అది మరీ మడుగు కట్టకూడదు. మిక్స్ పొరలుగా వేసి ఒక్కో పొరా దిమ్మిస చేయాలి. చివరి పొర చుట్టూ ఉన్న రోడ్డు కంటే వెంట్రుకవాసి ఎత్తుగా వదిలితే బండ్లు సర్దుతాయి. వానాకాలంలో తప్పనిసరైతే ఎమల్షన్‌తో కలిపిన చల్లటి మిక్స్ వాడండి. నీళ్లున్న గుంతలో వేడి తారు పోయడం డబ్బు నీళ్లలో పోయడమే.

రెన్యువల్ దగ్గర మీ చేతిలో థర్మామీటర్ ఉండాలి. వీజీ 30 అనే రకం తారుతో కలిపిన మిక్స్ పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు, రోలింగ్ అయ్యేసరికి కనీసం 90 డిగ్రీలు ఉండాలి. ప్లాంటు దూరమైతే, మధ్యలో రైలు గేటు పడితే, ఆ వేడి నిలవదు. టిప్పర్ మీద టార్పాలిన్ లేకపోతే లోడు వెనక్కి పంపండి. ఒక్కసారి పంపితే చాలు, రెండోసారి టార్పాలిన్ దానంతట అదే వస్తుంది.

రెండు పక్కలా కాలువలున్న ఇరుకు రోడ్డులో సగం మూసి సగం వదిలేటప్పుడు రెండు చివరలా జెండా పట్టుకున్న మనిషి ఉండాలి. రాత్రికి తవ్విన చోట రిఫ్లెక్టర్ బోర్డులు, ఇసుక బస్తాలు తప్పనిసరి. నాలుగు కొమ్మలు విరిచి రోడ్డుకి అడ్డం వేసే అలవాటు మానిపించండి. రాత్రి వచ్చే మోటారు సైకిల్‌వాడికి కొమ్మ కనపడదు. బస్సు మళ్లించాల్సి వస్తే డిపో మేనేజర్‌కి రెండు రోజుల ముందే చెప్పాలి, 108 వాళ్లకి కూడా.

9. జూన్ కల్లా సరంజామా

వానలకి ముందే ఇసుక బస్తాలు, సర్వి బాదులు, కొన్ని హ్యూమ్ పైపులు ఎక్కడ పెట్టారో, జేసీబీలు ఎవరి దగ్గరున్నాయో, చెట్టు కోసే రంపం పనిచేస్తోందో లేదో ఒక కాగితం మీద ఉండాలి. ఆ కాగితం వర్క్ ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో కూడా ఉండాలి, ఎందుకంటే తుపాను రాత్రి మీ ఫోన్ పనిచేయకపోవచ్చు.

భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర ఒకటి, రెండు, మూడో ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర అవి 11.75, 13.75, 17.75 అడుగులు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఎగువన మొదటి హెచ్చరిక అనగానే లంకల కాజ్‌వేల (వరద పైనుంచి పోయేలా తక్కువ ఎత్తులో కట్టిన దారులు) దగ్గర గేజి రాళ్లు కనిపిస్తున్నాయా, బారికేడ్లు చేరాయా చూడండి. నీరెక్కిన కాజ్‌వే మీద బండి పోనివ్వకుండా మనిషిని కాపలా పెట్టడం రెవెన్యూ, పోలీసు వాళ్లతో కలిసి చేయాల్సిన పని.

వరద తీశాక వెంటనే దారి వదలకండి, ఎంత ఒత్తిడి వచ్చినా సరే. కాజ్‌వే స్లాబు పైకి చెక్కుచెదరకుండా కనిపించి, కింద మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. రెండంచులా గునపంతో గుచ్చుకుంటూ వెళ్లండి, అప్రోచ్ కలిసే చోట మరీ జాగ్రత్తగా. గునపం దిగబడితే దారి మూసే ఉంచి, డొల్ల ఎంత దూరం ఉందో కొలిచి, టేపుతో ఫొటోలు తీసుకున్నాకే బస్తాలు పడేయించండి. తాత్కాలికంగా పూడ్చేశాక తీసిన ఫొటోతో శాశ్వత మరమ్మతు ఎవరూ మంజూరు చేయరు.